కరువు సీమలో వరద లెక్కలు

2009లో నైరుతి రుతుపవనాలు దేశానికి గట్టిగానే ఎగనామం పెట్టాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా దేశం మొత్తంమీద కురవాల్సిన దానికంటే 22 శాతం తక్కువ కురిసింది. వాతావరణ శాఖ ఆ సీజను లెక్కను ఏటా సెప్టెంబరు 30తో మూసేస్తుంది. ఆ ఏడాది లెక్క మూసిన రెండో రోజు, అక్టోబరు 2న, కర్నూలు పాతబస్తీ జనం మిద్దెల మీద కూర్చుని ఉన్నారు. కింద ఇళ్ళన్నీ నీళ్ళలో ఉన్నాయి.

సీమకు వరదేంటని కోస్తావాళ్ళు అడుగుతుంటారు. అడగడంలో తప్పు లేదు. అనంతపురంలో ఏడాదంతా కలిపినా పడేది 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే. అయితే వరదకు ఏడాది వానతో పని లేదు, ఆరు గంటల వాన చాలు. దానికి తోడు ఇంకొకటుంది. నీళ్ళు మళ్ళీ దొరుకుతాయో లేదోనన్న భయంతో ప్రతి చెరువునూ, ప్రతి జలాశయాన్నీ అంచుదాకా నింపుకోవడం ఇక్కడి అలవాటు. వరద వచ్చేసరికి దానికి చోటుండదు. సీమ వరదను అర్థం చేసుకోవాలంటే వాన కంటే ముందు ఈ భయాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

ముందు కొలతలు

టీవీలో క్యూసెక్కులు, టీఎంసీలు అని చదువుతూ పోతారు గానీ ఒకదాన్ని ఇంకోదానిలోకి మార్చి చెప్పరు. క్యూసెక్కంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీళ్ళు, అంటే 28.3 లీటర్లు. సెకనుకు రెండు పెద్ద బిందెలు అనుకోండి. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 8.64 టీఎంసీలు; గంటకైతే 0.36 టీఎంసీ. ఈ రెండు అంకెలు గుర్తుంటే వరద వార్తల్లో ఏది మామూలో, ఏది ముప్పో ఎవరికి వాళ్ళే తేల్చుకోవచ్చు.

2009కి ఇవే అంకెలు వేసి చూద్దాం. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. అక్కడిదాకా నిండితే ఇప్పటి లెక్కన పట్టేది సుమారు 215 టీఎంసీలు. అక్టోబరు 2న జలాశయంలోకి వచ్చిన ప్రవాహం ఒక దశలో 25 లక్షల క్యూసెక్కులు తాకింది. 25ను 8.64తో గుణిస్తే 216. ఆ ఉధృతి ఒక్క రోజు నిలిచి ఉంటే, అడుగంటిన శ్రీశైలమైనా తెల్లారేసరికి నిండిపోయేది. ఆ రోజు అది అడుగంటి లేదు, నిండడానికి దగ్గరలో ఉంది. 12 గేట్లూ ఎత్తితే కిందికి పోయింది సుమారు 14 లక్షల క్యూసెక్కులు. మిగిలిందంతా పైన పేరుకుని నీటిమట్టం 896 అడుగులకు ఎక్కింది. కాంక్రీటు, రాతి కట్టడం కాబట్టి పదకొండు అడుగుల అదనపు బరువును తట్టుకుని నిలబడింది. అదే మట్టికట్ట అయితే ఏమయ్యేదో చెయ్యేరు దగ్గర చూద్దాం.

జలాశయాన్ని ముందే ఖాళీ చేసి ఉండాల్సిందన్న మాట ఆ తర్వాత చాలామంది అన్నారు. చెప్పడం సులువు. నాలుగు నెలలు చినుకు కోసం ఎదురుచూసి, ఆగస్టు దాటాక నిండిన జలాశయాన్ని మబ్బును నమ్మి సముద్రంలోకి వదలమని సంతకం పెట్టే అధికారి ఎక్కడున్నాడు? వదిలాక వాన రాకపోతే రబీకి నీళ్ళేవని రైతులే నిలదీస్తారు. ఆ భయం తీరాలంటే ఏ నెలలో ఎన్ని అడుగులు ఖాళీ ఉంచాలో ముందే కాగితం మీద రాసి ఉండాలి. నిర్ణయం మనిషి చేతిలోంచి నియమం చేతికి వెళ్ళాలి.

కర్నూలు ఎందుకు మునిగింది

కర్నూలుకు ఉత్తరాన తుంగభద్ర, దక్షిణం నుంచి వచ్చి ఊరి దగ్గరే అందులో కలిసేది హంద్రీ. మామూలు రోజుల్లో హంద్రీ ఒక సన్నని పాయ. తుంగభద్ర మట్టం పెరిగినప్పుడు హంద్రీ నీళ్ళకు కలిసే దారి ఉండదు, వెనక్కి ఎగదన్నుతాయి. జనం పెద్ద నది గట్టు మీద కాపలా కాస్తుంటే చిన్న నది వెనకవైపు నుంచి ఇళ్ళలోకి వస్తుంది. పాతబస్తీ ఉన్నది ఈ రెండింటి మధ్య మూలలోనే.

ఎగువన హోస్పేట దగ్గరి తుంగభద్ర డ్యాం నుంచి ఎన్ని క్యూసెక్కులు వదిలారని చూసుకోవడం కర్నూలువాళ్ళకు అలవాటు. అది చాలదని 2009 చూపించింది. అప్పటి వానలో ఎక్కువ భాగం ఎగువ డ్యాములకు కింద, వాటికీ శ్రీశైలానికీ మధ్య ఉన్న నేల మీద పడింది. ఆ నీళ్ళకు అడ్డం వేసే గేటు ఎక్కడా లేదు. ఊరికి ఎగువన ఉన్న సుంకేశుల బ్యారేజీ కూడా ఆ దెబ్బకు దెబ్బతింది.

నేల కూడా ఇందులో భాగస్వామే. అనంతపురం ఎర్రనేల పలుచన, కింద రాయి తగులుతుంది. గట్టి చినుకు పడితే పైపొర అట్టకట్టి నీళ్ళు లోపలికి దిగవు. కర్నూలు, నంద్యాల వైపు నల్లరేగడి తీరు వేరు. ఎండకు పడిన నెర్రెలు మొదటి వానను గటగటా తాగుతాయి. తాగాక నేల ఉబ్బి నెర్రెలు మూసుకుంటాయి. ఇక ఆ పైన పడిందంతా పారుడే. అందుకే రెండు రోజుల ముసురు తర్వాత మూడో రోజు పడే వాన ప్రమాదం. మొదటి రోజు పది సెంటీమీటర్లు పడినా వంకలు కదలవు. మూడో రోజు అంతే పడితే ఊళ్ళు కదులుతాయి.

అంకెల్లో చూద్దాం. ఒక వంకకు నీళ్ళు అందించే నేల 100 చదరపు కిలోమీటర్లు అనుకోండి. ఆరు గంటల్లో పది సెంటీమీటర్ల వాన పడి, అందులో సగం పారితే 50 లక్షల ఘనపు మీటర్లు. ఆరు గంటలకు సర్దితే సగటున 8,000 క్యూసెక్కులు. ఏడాదిలో పదకొండు నెలలు ఎండి, పిల్లలు క్రికెట్ ఆడుకునే వంక ఇది.

చెయ్యేరు: నాలుగు గంటల కథ

కృష్ణా వైపు వరదకూ పెన్నా వైపు వరదకూ పెద్ద తేడా ఉంది. కర్నూలుకు ముప్పు ఎక్కువగా నైరుతి కాలంలో, దూరం నుంచి వస్తుంది. కడప, అనంతపురాలకు అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాలతో, బంగాళాఖాతం అల్పపీడనాలతో వస్తుంది. చిత్రావతి, పాపాఘ్ని, చెయ్యేరు పొట్టి నదులు. శేషాచలం కొండల మీద రాత్రి పడిన వాన తెల్లారేసరికి మైదానంలో ఉంటుంది.

బాహుదా, పింఛా కలిస్తే చెయ్యేరు. 2021 నవంబరులో ముందుగా పింఛా ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నీళ్ళు, బాహుదా నీళ్ళు, మధ్యలో వంకల నీళ్ళు అన్నీ కలిసి రాజంపేట దగ్గర అన్నమయ్య ప్రాజెక్టు మీద పడ్డాయి. నవంబరు 19 తెల్లవారుజామున మట్టికట్ట కొట్టుకుపోయింది. కింద పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట, గుండ్లూరు ఊళ్ళు దెబ్బతిన్నాయి. నందలూరు దగ్గర ఆర్టీసీ బస్సులు నీళ్ళలో చిక్కుకున్నాయి, రైలు పట్టాల కింద మట్టి కోసుకుపోయింది. చనిపోయినవారు, గల్లంతైనవారు కలిపి 30 మందికి పైనే.

అన్నమయ్య ప్రాజెక్టు నిల్వ 2.24 టీఎంసీలు. ఐదు గేట్లూ ఎత్తితే కిందికి పోగలిగేది 2.17 లక్షల క్యూసెక్కులు. ప్రభుత్వం చెప్పిన లెక్కన ఆ రాత్రి వచ్చింది సుమారు 3.2 లక్షలు. పైగా ఐదో గేటు పనిచేయలేదు. గేట్లన్నీ సమానమనుకుంటే నాలుగింటితో పోయేది 1.74 లక్షలకు మించదు. తేడా దాదాపు లక్షా నలభై ఆరు వేల క్యూసెక్కులు, అంటే గంటకు అర టీఎంసీకి కాస్త పైన.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ రాత్రికి జలాశయం పూర్తిగా ఖాళీగా ఉన్నా, అదే ప్రవాహం నిలకడగా వస్తే నాలుగు గంటల్లో నిండిపోయేది. ముందే ఖాళీ చేసి ఉంటే కట్ట తప్పక నిలిచేదని అనలేం. కానీ నాలుగు గంటలంటే ఊరు ఊరంతా గుట్టెక్కడానికి సరిపోయే సమయం. జలాశయంలో ఖాళీ ఉంచడం ఎందుకంటే కట్ట కోసం మాత్రమే కాదు, దండోరా వేయడానికి. నీళ్ళు మంచాన్ని తాకాక తెలిసే హెచ్చరికకు అర్థం లేదు.

మట్టికట్ట మీద నీళ్ళు పొర్లితే ఎందుకు నిలవదు? పొర్లిన నీళ్ళు అవతలి వాలు మీద వేగం పుంజుకుని అడుగున మట్టిని కోస్తాయి. ఆ కోత మెట్టు మెట్టుగా వెనక్కి, పైకి పాకి కట్ట నెత్తిని అందుకుంటుంది. ఒక చోట నెత్తి బెత్తెడు దిగిందంటే నీళ్ళన్నీ అటే మళ్ళి గండి క్షణక్షణానికి వెడల్పవుతుంది. ఆ దశలో బస్తాలు వేయడం మనుషులను పోగొట్టుకోవడమే.

మరువ మీద బస్తాలు

పెద్ద ప్రాజెక్టులది ఒక లెక్క. సీమలో వేల చెరువులకూ అదే సూత్రం, గేట్లుండవు అంతే. ఎక్కువైన నీళ్ళు మరువ, అంటే అలుగు, మీదుగా పోవాలి. చెరువు నిండి మరువ పారితే ఊరికి పండగ, గంగమ్మకు చీరె, రవిక. అక్కడే ఒక పాత దురలవాటు కూడా ఉంది. ఇంకో నాలుగు రోజుల తడి మిగులుతుందని మరువ మీద ఇసుక బస్తాలో, బండలో పేరుస్తారు.

30 మీటర్ల పొడవున్న మరువ మీద నీళ్ళు మీటరు ఎత్తున పారితే సుమారు 1,800 క్యూసెక్కులు పోతాయి. అర మీటరు ఎత్తున పారితే పోయేది సగం కాదు, 640 మాత్రమే. ఎత్తు సగమైతే పారుదల మూడోవంతుకు పడిపోతుంది. అంటే అర మీటరు బస్తాలు పేర్చిన రైతు చెరువుకు అర మీటరు నీళ్ళు కలిపానని అనుకుంటాడు గానీ, అసలు చేసింది మరువలో మూడింట రెండు వంతులు మూసేయడం. ఆ మిగులు కట్ట మీదికి ఎక్కుతుంది. తెగిన చెరువు కింద ఇంకో చెరువు, దాని కింద ఇంకోటి. గొలుసుకట్టులో పైది తెగితే కిందిదానికి తన వరదా, పైదాని నిల్వా రెండూ ఒకేసారి వచ్చిపడతాయి. పింఛా, అన్నమయ్యల మధ్య జరిగింది పెద్ద ఎత్తున ఇదే.

ఇదేమీ కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి సంస్కృత శాసనం ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించినది. చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెక్కించాడు. కట్టలోంచి నీరు ఊరడం ఒక దోషం. కొద్ది చోటులో ఎక్కువ నీళ్ళు చేరడం ఇంకో దోషం. చౌడు నేల, నడుమ మిట్ట కూడా ఆ జాబితాలో ఉన్నాయి. రెండు రాజ్యాల పొలిమేర మీద చెరువు కట్టడాన్ని కూడా దోషమనే రాశాడు. కర్ణాటక, తెలంగాణ, ఆంధ్రల నడుమ తుంగభద్ర నీళ్ళ పంచాయితీ చూస్తున్నవాళ్ళకు దాని సంగతి వేరే చెప్పనక్కరలేదు.

కట్టను చూసే పద్ధతి, చెరువు నీళ్ళు చూసుకునే నీరుగంటి ఉన్న ఊళ్ళలో ఇంకా తెలుసు. వానల ముందు కట్ట మీద కంప చెట్లు, సర్కారు తుమ్మ కొట్టించాలి. మొదలు వదిలేసి పైన మాత్రమే నరికితే వేరు కుళ్ళి లోపల గొట్టంలా ఖాళీ మిగులుతుంది. వరదలో నీళ్ళు వెతుక్కునే దారి అదే. ఎండ్రకాయ, పందికొక్కు బొరియలు బంకమట్టి కూరి గట్టిగా దిమ్మెస చేయాలి. తూము చుట్టూ మట్టి ఎప్పుడూ అనుమానమే, గండ్లలో చాలా వాటికి మొదలు అక్కడే.

వానలో కట్ట అవతలివైపు కాలి దగ్గర చెమ్మ కనిపిస్తే నీళ్ళ రంగు చూడాలి. తేట నీరు ఊరుతుంటే గుర్తు పెట్టి గంటకోసారి చూసినా సరిపోతుంది. బురదనీరు వస్తోందంటే కట్ట లోపల మట్టి కదులుతోంది, బుంగ పడుతోంది. చాలామంది చేసే తప్పు, నీళ్ళు బయటికి వచ్చే చోట బంకమట్టితో బిరడా బిగించడం. ఆ ఒత్తిడి పక్కన ఇంకో చోట పగులుతుంది. చేయాల్సింది వేరు. ఊట చుట్టూ బస్తాలతో బావి గట్టులా గుండ్రంగా కట్టాలి. లోపల ముందు ఇసుక, దానిపైన కంకర పోయాలి. నీళ్ళు పోవాలి, మట్టి పోకూడదు. గుండ్రం లోపల నీరు నిలబడేకొద్దీ కింది నుంచి ఒత్తిడి తగ్గి ఊట తేటబడుతుంది. చెరువు వైపున సుడి కనిపిస్తే అక్కడ టార్పాలిన్ పరిచి మట్టిబస్తాలు దించాలి. బస్తాలు మూతిదాకా నింపకండి. సగానికి కాస్త పైన నింపి, మూతి మడిచి, ఇటుకల్లా అతుకు మీద అతుకు రాకుండా పేరిస్తే ఒకదానికొకటి అతుక్కుంటాయి. నిండుగా బిగించిన బస్తాల సందుల్లోంచి నీళ్ళు హాయిగా పోతాయి.

గేట్ల సంగతికొస్తే, గేటు ఎప్పుడు కావాలో అప్పుడే మొరాయిస్తుంది. ఏడాదిలో పది రోజులు తప్ప కదలని ఇనుము అది. తాడుకు గ్రీజు ఉండదు, రబ్బరు సీళ్ళు ఎండిపోతాయి, తుఫాను రాత్రి కరెంటు పోతుంది, జనరేటరులో డీజిలు ఉండదు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 33 గేట్లలో 19వది గొలుసు తెగి నదిలో కొట్టుకుపోయింది. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు ఆధ్వర్యంలో, పారుతున్న నీళ్ళలోనే వారం రోజుల్లో ఇనుప పలకలు ఒకదాని మీద ఒకటి దించి ఆ ఖాళీ మూశారు. అప్పటిదాకా ఎన్నో టీఎంసీలు కిందికి పోయాయి. ఒక గొలుసు కొక్కెం ఒకే రాత్రి కర్నూలుకు వరద భయాన్నీ, ఆయకట్టుకు కరువు భయాన్నీ తెచ్చిపెట్టింది.

ఊళ్ళలో వంకల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 2022 అక్టోబరులో అనంతపురం నగరాన్ని ముంచింది నది కాదు, నడిమివంక. కడపకు బుగ్గవంక ఎలాగో దానికి అది అలాగ. వంక వెడల్పు రెవెన్యూ పటంలో ఒకటి, నేల మీద ఒకటి. నీళ్ళు చూసేది పటాన్నే.

పరుగెత్తే వరద, కూర్చునే వరద

మనలాగే వానకు మొహం వాచిన నేల సింధ్, బలూచిస్తాన్. 2022లో పాకిస్తాన్‌ను ముంచిన వరదల్లో బాగా దెబ్బతిన్నవి ఆ రెండే. 1,700 మందికి పైగా చనిపోయారు. మూడు కోట్ల ముప్పై లక్షల మంది బతుకు తలకిందులైంది. నష్టం మొత్తం 3,000 కోట్ల డాలర్లు దాటిందని ప్రపంచ బ్యాంకు అంచనా. అక్కడ కూడా వాన మామూలుకంటే ఎన్నో రెట్లు పడింది, కానీ నేల తీరు వేరు. సింధ్ పళ్ళెంలా చదును. నీళ్ళకు వాలు లేదు, నెలల తరబడి కదలలేదు. సెప్టెంబరులో మంచర్ సరస్సు పొంగినప్పుడు పట్టణాలను కాపాడడానికి అధికారులే గట్టు కోసి పల్లెల మీదికి వదిలారు.

సీమలో వాలు ఎక్కువ. ఇక్కడి వరద పరుగెత్తేది, అక్కడిది కూర్చునేది. కూర్చునే వరదకు పడవలు, పడకలు, నెలల తిండి కావాలి. పరుగెత్తే వరదకు కావాల్సింది గంటలు: వాన కొలిచే పరికరం కొండ మీద, సైరను ఊళ్ళో, గుట్ట మీదికి దారి. కాజ్‌వే మీద నీళ్ళు మోకాలెత్తున పరుగెత్తుతుంటే మనిషి నిలవలేడు. రెండడుగులుంటే కారు తేలుతుంది. పరుగెత్తే వరదల్లో బండి దాటించబోయి పోయేవాళ్ళు తక్కువేం కాదు.

నీళ్ళు పోయాక

మొదట బావి. మునిగిన బావిలో నీళ్ళు తోడి, బురద తీసి, ఊరనిచ్చాక బ్లీచింగ్ వేయాలి. బావిలో ఎన్ని లీటర్లున్నాయో ఇలా తేల్చండి: వ్యాసాన్ని వ్యాసంతో, ఆ వచ్చినదాన్ని నీళ్ళ లోతుతో, దాన్ని 785తో గుణించాలి, కొలతలు మీటర్లలో. మూడు మీటర్ల వ్యాసం, నాలుగు మీటర్ల లోతు నీళ్ళుంటే 28,000 లీటర్ల పైచిలుకు. మామూలుగా వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడరు, వరద తర్వాత దానికి రెట్టింపు. ఈ బావికి 140 గ్రాములు. పొడిని నేరుగా చల్లకూడదు. బకెట్లో కలిపి పది నిమిషాలు ఉంచితే సున్నం అడుగున పేరుకుంటుంది. పై తేటను ఇంకో బకెట్లోకి వంచి, తాడుతో బావిలో నీటి అడుక్కి దించి పైకీ కిందికీ ఆడించాలి. గంట తర్వాత వాడుకోవచ్చు. మూత తెరిచి నెలలు గడిచిన బ్లీచింగులో పస ఉండదు, ఎంత వేసినా దండగ.

తర్వాత పొలం. చెయ్యేరు ఊళ్ళలో నీళ్ళు ఒక రోజులో తీసిపోయాయి. ఇసుక మేట అలాగే ఉండిపోయింది. మేట అంటే ఎంతో అంకెల్లో చూడకపోతే బోధపడదు. ఎకరా అంటే 43,560 చదరపు అడుగులు. దాని మీద అడుగు మందం ఇసుక ఉంటే 43,560 ఘనపుటడుగులు. ట్రాక్టరు ట్రక్కుకు వంద ఘనపుటడుగులు పడతాయనుకుంటే ఎకరాకు 435 ట్రక్కులు. రోజుకు ఇరవై తోలినా ఇరవై రెండు రోజులు. తోలిన ఇసుకను పోయడానికి చోటు కావాలి, పక్క పొలంలో కూడా మేటే ఉంటుంది. ఇసుక తీశాక కింద ఉన్న పైమట్టి కోసుకుపోయి ఉంటే చెరువు పూడికమట్టి మళ్ళీ అంతే లెక్కన తోలాలి. నాలుగంగుళాల లోపు మేటైతే లోతు దుక్కి దున్ని కలిపేసుకోవచ్చు. అంతకు మించితే పరిహారం దరఖాస్తులో మేట మందం ఎంతో అంగుళాల్లో రాయించండి, కర్ర గుచ్చి కొలిచి, ఫోటో తీయించి. "పొలం మునిగింది" అని రాసిన కాగితానికి ఆ ఏటి పంట నష్టం మాత్రమే వస్తుంది.